మాటకి రిలీవర్

మా ఇంట్లో ఇంగ్లీషు మాటలు మూడు షిఫ్టుల్లో డ్యూటీ చేసేవి. ఈ సంగతి వేరే ఊళ్లో చెబితే నవ్వుతారు. భిలాయిలో నవ్వరు, ఇక్కడ ఊరంతా ఉక్కు ప్లాంటు షిఫ్టుల మీదే నడుస్తుంది. మా పక్కింటి ఆంటీజీకి చెప్పినప్పుడు ఆవిడ చాలా మామూలుగా, "మరి వాటికి వీక్లీ ఆఫ్ ఎప్పుడు?" అని అడిగింది.

ఇదంతా మా వదిన కోసం మొదలైంది. వదిన చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో పుట్టి, తెలుగు మీడియంలో చదువుకుని, బి.ఎడ్. చేసి, ఆ ఊరి చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేది. మా అన్నని పెళ్లాడి స్మృతి నగర్‌లో మా ఇంటికి వచ్చాక ఆ పాఠాలు ఆగిపోయాయి. ఇక్కడ తెలుగులో పాఠం చెప్పించుకునే బడి లేదు. హిందీలో చెబుదామంటే ఆవిడకి హిందీ కూరగాయల బేరం వరకే వచ్చు. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడదో మగదో ముందే తెలిసి ఉండాలి కదా. బస్సు ఆడదట, ట్రక్కు మగవాడట. "రెండింటినీ గుమ్మం ముందు నిలబెట్టి చూపించినా నాకు తేడా తెలీదు" అనేది వదిన. ఇక మిగిలింది ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం బడులు వీధికొకటి ఉన్నాయి, వాటికి ఇంగ్లీషు టీచర్లు ఎప్పుడూ కావాలి. మా వదిన మళ్లీ నల్లబల్ల ముందు నిలబడాలంటే ఆ ఒక్క దారే ఉంది.

నిలబడాలన్న కోరిక ఎంతుందో ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. నేను చూశాను. చపాతీలు వత్తుతూ వత్తుతూ, పీట మీద చల్లిన పొడిపిండిలో చూపుడు వేలితో ఏదో రాసి, గభాలున చెరిపేసేది. ఫోన్లో వాళ్లమ్మతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఖాళీగా ఉన్న చెయ్యి గోడ మీద అక్షరాలు రాస్తూ ఉండేది. ఒకసారి కుక్కర్ విజిల్ వెయ్యగానే తల తిప్పి చూసింది. ఆ చూపు పిల్లలు అల్లరి చేసినప్పుడు టీచరు చూసే చూపు. కుక్కర్ నిజంగా నోరు మూసుకుంది.

సుపేలా బజారులో పాత పుస్తకాల దగ్గర ఒక లావుపాటి పదాల పుస్తకం కొనుక్కొచ్చి, వదిన చదవడం మొదలుపెట్టింది. మాట, దాని అర్థం, కింద ఒక ఉదాహరణ. ఉద్యోగపు పరీక్షలు రాసేవాళ్లు చదివే రకం. మాటల సంగతి ఎలా ఉన్నా ఆ ఉదాహరణలు మాత్రం చూసి తీరాలి. వాటిలో అందరూ డ్యూకులూ సెనేటర్లూ. ఎవరో ఒకరు సొంత నౌకలో వెళ్తూ ఉంటారు, లేకపోతే మంచు తుఫానులో చిక్కుకుంటారు. వదిన అవన్నీ అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టింది. నేను పుట్టింది ఇక్కడి హాస్పిటల్లోనే, చదివింది ఇంగ్లీషు మీడియంలోనే, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఒక కంపెనీకి కంప్యూటర్ పని చేసేది కూడా ఇంగ్లీషులోనే. అయినా ఆ పుస్తకంలో సగం మాటలు నాకెప్పుడూ అవసరం పడలేదు. వదిన మాత్రం ఏ పేజీలో అడిగినా ఠకీమని అర్థం చెప్పేసేది.

అంత చదివి మొదటి ఇంటర్వ్యూకి వెళ్లింది. అక్కడ ఒకాయన, "ఒపులెంట్ అనే మాట వాడి ఒక వాక్యం చెప్పండి" అన్నాడట. ఒపులెంట్ అంటే సిరిసంపదలతో తులతూగేది. వదిన వెంటనే, డ్యూకు గారి భోజనశాల చాలా ఒపులెంట్‌గా ఉంది, అని ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి, "ఏ డ్యూకు? మీరెళ్లి భోంచేశారా?" అని అడిగాడు. అంతే, ఆవిడ కాగితాలు సర్దుకుని లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చి ఈ కథ నవ్వుతూనే చెప్పింది. చెబుతూ చెబుతూ సగంలో నవ్వు ఆపేసి లోపలికి వెళ్లిపోయింది. అమ్మకి ఒళ్లు మండిపోయింది. "ఆ పెద్దమనిషి ఇంట్లో ఏటి, బంగారప్పళ్లేల్లో తింటన్నారేటి? దాన్నలగ నవ్వడానికి ఆడికి నోరెలగ వొచ్చినాది?" అని ఊగిపోయింది. నాన్న మాత్రం టీ తాగడం పూర్తి చేసి, గ్లాసు కింద పెట్టి, వదినని పిలిచాడు.

"నీకు మాట తెలుసమ్మా. కాదనను. గాని నువ్వు ఛార్జ్ తీసుకోలేదు" అన్నాడు.

నాన్న ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర, అంటే బొగ్గుని కోక్‌గా కాల్చే బట్టీల దగ్గర, పనిచేసి రిటైరైన మనిషి. అక్కడ షిఫ్టు అయిపోగానే సంచీ తగిలించుకుని వచ్చేయడం కుదరదు. తన తర్వాత షిఫ్టు వాడు రావాలి. వాడినే రిలీవర్ అంటారు. వాడు వచ్చి, బట్టీల పరిస్థితి ఏమిటో చూసుకుని, తన నోటితో "తీసుకున్నాను, నువ్వెళ్లు" అంటేనే ఇవతలి వాడికి విడుదల. రిలీవర్ రాకపోతే ఇంకో షిఫ్టు కూడా అక్కడే. వర్షాకాలంలో అలా డబుల్ డ్యూటీ చేసి వచ్చిన నాన్నని చూసి చిన్నప్పుడు నేను జడుసుకునేదాన్ని, మసిలో కళ్లు మాత్రమే కనిపించేవి. ఆయన ఏనాడూ విసుక్కోలేదు. "ఒకడి సేతిలోంచి ఇంకొకడి సేతిలోకి ఎల్లినాకే అది పని. మజ్జిలో ఒదిలీసినామంటే పెమాదం" అనేవాడు.

ఇంగ్లీషు మాటల్ని కూడా ఆయన బట్టీల్లాగే నడపదలుచుకున్నాడు. రోజుకొక మాట. పొద్దున్న వదిన దాని అర్థం చెప్పి, సొంత ఉదాహరణ ఒకటి ఇచ్చి అమ్మకి ఛార్జ్ ఇవ్వాలి. అది ఫస్ట్ షిఫ్టు. మధ్యాహ్నం అమ్మ తన ఉదాహరణతో నాకు ఇవ్వాలి. రాత్రి భోజనాల వేళకి నేను నాన్నకి ఇవ్వాలి. మర్నాడు పొద్దున్నే నాన్న తిరిగి వదినకి ఒప్పజెబితే, ఆవిడ ఆఖరి ఉదాహరణ చెప్పి ఆ మాటని డ్యూటీ దింపాలి. పుస్తకంలో ఉదాహరణ పనికిరాదు. ఆ షిఫ్టులో కళ్లతో చూసిందో, చెవులతో విన్నదో, లేదా మన బతుకులో మనకే జరిగిందో అయి ఉండాలి. తీసుకునేవాళ్లు కూడా తమ ఉదాహరణ చెప్పి, "తీసుకున్నాను, నువ్వెళ్లు" అనాలి. అన్నకి మినహాయింపు. వాడు ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో నిజం షిఫ్టులు చేస్తాడు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ లీవులో ఉన్నట్టే లెక్క.

మొదట్లో నాకిది వేళాకోళంగానే ఉండేది. అమ్మకి ఇంగ్లీషంటే టైము, డ్యూటీ, క్వార్టరు, పీఎఫ్ అంతే. ఈవిడేం ఛార్జ్ తీసుకుంటుందిలే అనుకున్నాను. తీరా చూస్తే ఇంట్లో అందరికన్నా అమ్మే ఎగిరి గంతేసింది. యుబిక్విటస్ అంటే ఎక్కడ చూసినా ఉండేది అని వదిన చెప్పగానే, ఆరేసిన దుప్పటి దులుపుతూ, "ఇదిగో, ఈ ఎర్రదుమ్ము. మేడ మీదా ఇదే, మంచం కిందా ఇదే, పప్పుడబ్బాలోనూ ఇదే. యుబిక్విటసు" అంది. ఆ మాట ఆవిడ నోట్లో మా విజయనగరం చుట్టాల పేరులా పలికింది.

వదిన అసలు గొప్పతనం నాకు కనిపించింది రిలక్టెంట్ రోజున. అమ్మ మంచి హుషారుగా, "కూలర్లో నీల్లు పొయ్యిరా అంటే నీ మొగుడు రిలక్టెంటు" అంది. నేను పడీ పడీ నవ్వాను. వదిన నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "కాదత్తయ్యా. రిలక్టెంట్ అంటే మనసు లేకపోయినా, నసుగుతూ నసుగుతూ ఆఖరికి చేసీవోళ్లు. ఈయన అసలు చెయ్యరు" అంది.

"మరి దానికేటంటారు?"

"ఈయనకి సరిపోయీ మాట ఇంకా దొరకలేదత్తయ్యా. ఎతుకుతున్నాను."

అన్న ఆ గదిలోనే పడుకుని ఉన్నాడు. దుప్పటి కదిలింది గానీ మనిషి లేవలేదు.

ఆ రోజు నుంచి వేళాకోళం మానేశాను. నేను మాటల్ని అర్థాలతో సరిపెట్టుకునేదాన్ని. వదిన అలా సరిపెట్టుకోదు. మాట ఎక్కడిదాకా వస్తుంది, ఏ గుమ్మం దగ్గర ఆగిపోతుంది అని దాని వెంటే నడిచి చూసుకునేది. ఫ్రూగల్ అంటే పొదుపరి, స్టింజీ అంటే పిసినారి అని నేనైతే చెప్పేసి ఊరుకుందును. వదిన అలా కాదు. కాచిన పాల గిన్నెలో అడుగు గోకి, ఆ గోకుడుతో మాకు కలాకండ్ లాంటిదేదో చేసి పెట్టే అమ్మ ఫ్రూగల్ అంది. చుట్టాలొస్తే పాలు లేవని చెప్పేవాళ్లు స్టింజీ అంది. "రెండిళ్లలోనూ పాలు మిగుల్తాయి. ఎవరికోసం మిగుల్తాయన్నదే తేడా" అంది. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. ఇన్నేళ్ల చాకిరీకి ప్రమోషన్ వచ్చినట్టు వెలిగిపోయింది.

కాండిడ్ అంటే దాపరికం లేకుండా ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ మాటకి ఉదాహరణ మా వీధిలోకి వచ్చే కూరగాయలామె ఇచ్చింది, ఆమెకి తెలియకుండానే. "కా లేబే దీదీ?" అని, ఏం తీసుకుంటావక్కా అని ఇక్కడి ఛత్తీస్‌గఢీలో అడిగి, వదిన కాకరకాయల మీద చెయ్యి వెయ్యబోతే, అవి నిన్నటివి, వద్దు, అని చెయ్యి పక్కకి తోసేసిందట. వదిన గుమ్మంలోంచే ఇంగ్లీషులో వాక్యం కట్టుకుంటూ వచ్చింది: ఆవిడ తన బుట్ట గురించి తనే కాండిడ్‌గా చెప్పింది. డ్యూకు భోజనశాల నుంచి కాకరకాయల బుట్టకి వచ్చేసరికి మా వదిన ఇంగ్లీషుకి నేల దొరికింది. వాక్యాలు చిన్నవైపోయాయి. తడుముకోవడం తగ్గింది. యాస మాత్రం చీపురుపల్లిదే. ఆ యాసలో ఇంగ్లీషు వింటుంటే నాకు భలే ముద్దొచ్చేది, ఇప్పటికీ వస్తుంది.

నియమం విషయంలో మాత్రం అమ్మ నాన్నని మించిపోయింది. ఒకరోజు నేను కంపెనీ మీటింగులో ఉన్నాను, స్క్రీన్ మీద పై ఆఫీసరుతో సహా అందరి మొహాలూ ఉన్నాయి. అమ్మ పట్టుచీర కట్టుకుని, చేతిలో కొబ్బరికాయతో వచ్చి నా పక్కన నిలబడింది. వీధిలో ఆటో హారన్ కొడుతోంది.

"ఆంబివలెంటు తీసుకో ముందు. గుడికెల్లాలి" అంది.

"అమ్మా, మీటింగు! తర్వాత."

"తరవాతంటే ఎలగ? ఒదిలీసి ఎల్లిపోమంటావేటి?" ఆంబివలెంట్ అంటే ఒకే విషయం మీద మనసు రెండు వైపులా లాగడం. అమ్మ ఉదాహరణ తయారుగానే ఉంది: "మనసు గుడికి పద అంటన్నాది. మోకాళ్లు మంచం మీద కూకో అంటన్నాయి. మజ్జిలో నాను ఆంబివలెంటు. ఊఁ, తీసుకో."

నేను మైకు ఆపే బటన్ నొక్కేసి, "నిన్ను చూస్తే కోపమూ వస్తోంది, ముద్దూ వస్తోంది. తీసుకున్నాను, నువ్వెళ్లు" అన్నాను. మైకు ఆగలేదని తర్వాత తెలిసింది. మీటింగులో ఉన్న ఒక బెంగాలీ ఆవిడ ఆ వారమంతా నన్ను అమ్మ యాసలోనే "ఆంబివలెంటూ" అని పలకరించింది.

నాన్న ఉదాహరణలు ఎక్కువగా కోక్ ఓవెన్ల నుంచే వచ్చేవి. టాసిట్ అంటే నోటితో చెప్పకుండానే ఇద్దరి మధ్యా కుదిరిన ఒప్పందం. ఆ రాత్రి అన్నం కలుపుకుంటూ ఆయన, "ఆ సప్పుడులో మాటలేటి ఇనబడతాయి? నానూ రిలీవరూ మొకాలు సూసుకునీవోల్లం. ఆడు తలూపితే తీసుకున్నట్టు. అది టాసిట్టు" అన్నాడు. అన్నేళ్ల ఉద్యోగంలో ఆయన అక్కడి చప్పుడు గురించి మాకు చెప్పింది అదే మొదటిసారి. ఇంగ్లీషు మాట అడిగింది కాబట్టి చెప్పాడు. మేము అడిగితే చెప్పేవాడు కాదేమో.

అలా వేసవి గడిచి వానలు పడ్డాయి. ఆ రోజుల్లోనే రిలింక్విష్ అనే మాట డ్యూటీ ఎక్కింది. మనదైనదాన్ని, మన చేతిలో ఉన్నదాన్ని, వదులుకోవడం అని వదిన చెప్పింది. మామూలుగా ఉదాహరణ కూడా వెంటనే చెప్పేది. ఆ పూట "అన్న కోసం టీవీ రిమోట్ రిలింక్విష్ చేసింది ఈ అమ్మాయి" అని నన్ను చూపించి తేల్చేసింది.

అమ్మ తీసుకుంటూ మాత్రం తేల్చలేదు. "రిటైరైనప్పుడు సెక్టారులో కంపెనీ క్వార్టరు ఒదిలీసినాం గదా. నిమ్మసెట్టు అక్కడే ఉండిపోనాది. అది నాను ఏసిన సెట్టు" అంది.

నాన్న పేపరు మీంచి తల ఎత్తాడు. "ఒదిలెయ్యడమేటి? తాళాలు నానే దగ్గరుండి ఇచ్చినాను. దాన్ని హ్యాండోవర్ అంటారు."

"మీరు తాళాలు హ్యాండోవర్ చేసినారు" అంది అమ్మ. "నాను సెట్టుని రిలింక్విష్ చేసినాను. నాకు రిలీవరెవడొచ్చినాడు?"

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. వదిన చేతిలో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను ఇంతవరకూ ఆ రెండు మాటల మధ్య తేడా అంత బాగా చెప్పిన నిఘంటువుని చూడలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న మాటని తిరిగి ఒప్పజెప్పినప్పుడు, ఆఖరి ఉదాహరణ వదినది. ఆవిడ చాలాసేపు టీ వడకట్టింది. వడకట్టాల్సినంత టీ ఆ గిన్నెలో లేదు. "బస్సులో ఒక ముసలాయనకి నా సీటు రిలింక్విష్ చేశాను" అంది చివరికి.

"ఇది పుస్తకంలోది లాగున్నాదమ్మా" అన్నాడు నాన్న.

"ఇవాళ్టికి ఇదే మావయ్యా."

"సరే అయితే. ఆ మాట డ్యూటీ దిగలేదు. ఉండనీ" అన్నాడాయన. బలవంతపెట్టలేదు. మర్నాడు వేరే మాట వచ్చింది, దాని షిఫ్టులు అది చేసుకుని దిగిపోయింది. రిలింక్విష్ మాత్రం మా ఇంట్లో ఎక్కడో నిలబడే ఉంది.

చలికాలం మొదట్లో రెండో ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. కొంచెం పేరున్న బడి. కాగితాలు చూడటం అయ్యాక, ముగ్గురి ముందు చిన్న పాఠం చెప్పి చూపించాలన్నారు. తొమ్మిదో తరగతికి చెప్పినట్టుగా, ఏదైనా ఒక మాట. నేనే స్కూటీ మీద తీసుకెళ్లాను. దారిపొడవునా నా భుజం మీద పెట్టిన వదిన చేతి వేళ్లు ఏదో రాస్తూనే ఉన్నాయి.

వరండాలో బెంచీ మీద నేనూ, ఇంకొందరు అభ్యర్థులూ కూర్చున్నాం. తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల వెనక ముగ్గురు: యాజమాన్యం తరఫు మనిషి ఒకాయన, ఒక సీనియర్ టీచరు, మధ్యలో ప్రిన్సిపాల్. ప్రిన్సిపాల్ నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకున్న ఆవిడ, ముఖంలో నవ్వు అనేదే లేదు.

వదిన సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద రిలింక్విష్ అని రాసింది. అన్ని మాటలుండగా డ్యూటీ దిగని మాటే దొరికిందా ఈవిడకి!

తర్వాతదంతా ఇంగ్లీషులోనే చెప్పింది. చేతిలో సుద్దముక్కని కింద పడేసింది: ఇది పడెయ్యడం. ఇంకొకటి తీసి సీనియర్ టీచరు చేతిలో పెట్టింది: ఇది ఇవ్వడం. మా మామగారు క్వార్టరు తాళాలు అప్పజెప్పారు: అది హ్యాండోవర్, ఒకరు ఇస్తే ఒకరు తీసుకున్నారు. మా అత్తగారు అదే క్వార్టర్లో తాను వేసిన నిమ్మచెట్టుని వదిలి వచ్చారు: అది రిలింక్విష్. తీసుకోవడానికి అవతల ఎవరూ లేరు, ఆవిడ చెయ్యి మాత్రం ఖాళీ అయింది.

అప్పుడు నల్లబల్ల వైపు తిరిగి, మళ్లీ ఇటు తిరిగింది.

"పెళ్లికి ముందు ఆఖరి రోజున మా ఊరి బడిలో నల్లబల్ల తుడిచి ఇంటికొచ్చాను. సోమవారం మళ్లీ వస్తాననే పిల్లలు అనుకున్నారు. మానెయ్యమని నన్నెవరూ అడగలేదు. మానొద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ నల్లబల్లని నేను రిలింక్విష్ చేశాను."

అంతే చెప్పింది. బెంచీ మీద నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని నెలలుగా ఒకే వంటింట్లో తిరుగుతూ ఈ వాక్యం నేను వినలేదు. వినడానికి పరాయి బడి వరండా దాకా రావాల్సి వచ్చింది.

"థాంక్యూ. యూ మే గో" అన్నాడు యాజమాన్యం ఆయన, తర్వాతి కాగితం తీసుకుంటూ.

వదిన కదల్లేదు.

ఆయన మళ్లీ అన్నాడు. వదిన మర్యాదగా, చేతులు కట్టుకుని, "సర్, ఇంకా ఎవరూ ఛార్జ్ తీసుకోలేదు" అంది.

కొంప మునిగింది అనుకున్నాను. ఆవిడకి ఒంటి మీద స్పృహ ఉన్నట్టు లేదు. ఎదురుగా ఉన్నది ఇంటర్వ్యూ అని మరిచిపోయి, మా ఇంటి భోజనాల గదిలో నిలబడినట్టే నిలబడి ఉంది. ఛార్జ్ ఏమిటి, అని ఆయన కనుబొమలు ముడేశాడు. వదిన ఓపిగ్గా వివరించింది. మా మామగారు ప్లాంటులో పనిచేశారు. మా ఇంట్లో ఒక మాట చెప్పాక, ఎవరో ఒకరు తమ సొంత ఉదాహరణ చెప్పి తీసుకుంటే గానీ మేం అక్కడి నుంచి కదలం. మాటని మధ్యలో వదిలెయ్యకూడదు. నా పక్కన కూర్చున్న అభ్యర్థి ఒకమ్మాయి నా వైపు తిరిగి, ఈవిడ మీ మనిషేనా అన్నట్టు చూసింది. అవునని తల ఊపాను. అప్పుడు ఇంకేమనగలను?

ప్రిన్సిపాల్ పెన్నుకి మూత పెట్టింది.

"ఈ కుర్చీలోకి వచ్చినప్పుడు నా తొమ్మిదో తరగతిని రిలింక్విష్ చేశాను" అంది ఇంగ్లీషులో, నల్లబల్ల మీద రాసిన మాట వైపు చూస్తూ. "అందరూ దండలు వేశారు. నాకు అభినందనలు చెప్పారు."

వదిన తల పంకించింది, బాగా చెప్పిన పిల్లకి పంకించినట్టు. "ఇప్పుడు మీరు 'తీసుకున్నాను, నువ్వెళ్లు' అనాలి మేడమ్."

సీనియర్ టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ప్రిన్సిపాల్ ముఖంలో నవ్వు అప్పటికీ లేదు. "తీసుకున్నాను," అంది ఆవిడ. "నువ్వెళ్లు."

అప్పుడు గానీ వదిన బయటికి రాలేదు. గేటు దాటి స్కూటీ దగ్గరికి వచ్చాక స్పృహ వచ్చింది కాబోలు, రెండు చేతులతో నోరు మూసుకుని, "నేనేటి చేశాను అక్కడ?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియని ఆ ముఖం చూస్తే నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అలవాటైపోయినాది వదినా, ఏం చేస్తాం" అన్నాను.

ఇంటి దగ్గర నాన్నకి జరిగిందంతా చెప్పాం. ఆయన అడిగింది ఒక్కటే: "ఆవిడ తీసుకున్నాదా, లేదా?"

"తీసుకుంది."

"మరింకేటి?" అని పేపరు తీసుకున్నాడు.

ఆ తర్వాత బడి నుంచి కబురు లేదు. రోజులు గడిచాయి. మాటలు డ్యూటీ ఎక్కుతూనే, దిగుతూనే ఉన్నాయి, కానీ వదిన ఉదాహరణల్లో ఊపు లేదు. పీట మీద పిండిలో రాయడం కూడా మానేసింది. ఒక రాత్రి అమ్మ నాన్నకి అన్నం వడ్డిస్తూ, "అంతా మీ షిఫ్టుల వొల్లే. లచ్చనంగా థాంక్యూ సెప్పి వొచ్చీసేది. దాని నోటికాడ కూడు తీసీసినారు" అని దులిపేసింది. నాన్న అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు. మాట కన్నా ఆ కంచం చూసి నాకు ఎక్కువ బాధేసింది.

ఒక శనివారం సాయంత్రం వదిన ఫోను మోగింది. కొత్త నంబరు. చేతులకి శెనగపిండి ఉండటంతో స్పీకరు నొక్కి గట్టు మీద పెట్టింది. అవతల ప్రిన్సిపాల్. ఆ గొంతు నేను గుర్తుపట్టి చెప్పగానే మేమంతా వంటింట్లోకి వచ్చేశాం, అన్న కూడా దుప్పటి కప్పుకునే వచ్చి నిలబడ్డాడు.

టీచరు దొరక్క ఆ తొమ్మిదో తరగతికి తానే మళ్లీ వెళ్లి ఇంగ్లీషు చెబుతోందట ప్రిన్సిపాల్. ఆఫీసు పనీ అదీ రెండూ సాగడం లేదట. ఇదంతా మామూలుగానే చెప్పింది. తర్వాత, "ఈసారి ఆ క్లాసుని రిలింక్విష్ చెయ్యను. హ్యాండోవర్ చేస్తాను. సోమవారం పొద్దున్న రాగలవా?" అంది.

వదిన శెనగపిండి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. అమ్మే ఫోను మీదకి వంగి, ప్రిన్సిపాల్‌కి తెలుగు వచ్చో రాదో కూడా చూడకుండా, "వొస్తాదమ్మా, వొస్తాది!" అని అరిచింది.

సోమవారం పొద్దున్న అమ్మ టిఫిన్ డబ్బా కట్టింది, నాన్న డ్యూటీకి వెళ్లే రోజుల్లో కట్టినట్టే, గుడ్డతో రెండు ముళ్లు వేసి. నేను స్కూటీ బయటికి తీశాను. నాన్న తెల్లారుజామునే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆయన డ్యూటీకి వెళ్లినన్నాళ్లూ ఆ జాగాలో అమ్మ నిలబడేది.

వదిన ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి, వెంటనే వెళ్లకుండా తటపటాయించింది. "ఇవాళ మాట ఇంకా తియ్యలేదు మావయ్యా. పుస్తకం చూసి చెప్పీసి వెళ్తాను, ఒక్క నిమిషం" అంది.

"ఏం చూడక్కర్లేదు. ఎల్లమ్మా" అన్నాడు నాన్న. గేటు తనే తీసి పట్టుకున్నాడు. "అక్కడ ఒకావిడ నీకోసం డబల్ డ్యూటీ చేస్తన్నాది. రిలీవరు లేటవకూడదు."